రెండుసార్లు వచ్చిన పదో ఫారం

మా పెద్దమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు పుస్తకాలు కుట్టింది. చర్చి ఆవరణలో, పాటల పుస్తకాలూ బైబిలు పాఠాలూ అచ్చువేసే చిన్న ప్రెస్సు అది. వెనకవైపు పొడుగాటి గదిలో బైండింగు పని. కిటికీ పక్క బల్ల ఆమెది. అక్కడ అందరూ ఆమెను సూదక్క అనేవాళ్ళు. చేతిలో సూది లేనప్పుడు కూడా బొటనవేలూ చూపుడువేలూ కలిపే ఉంచేది. మాట కూడా అంతే, సన్నగా వచ్చి సూటిగా దిగేది.

ఏడేళ్ళ కొడుకు జ్వరంతో పోయిన ఏడాదే ఆమె ఆ పనిలో చేరింది. పెదనాన్న అంతకు ముందే పోయాడు. ఒంటరిగా ఇంట్లో కూర్చుంటే మనిషి దక్కదని, పాస్టరు గారు తీసుకెళ్ళి ఆ బల్ల ముందు కూర్చోబెట్టారట. నేను పుట్టింది ఆ తర్వాత. నాకు బుద్ధి తెలిసేసరికే ఆమె వేలి చివర్లు గట్టిపడిపోయి ఉన్నాయి. చిన్నప్పుడు నా తల నిమిరితే జుట్టు చిక్కుకునేది.

నేను నీళ్ళ పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తాను. శనివారం నాకు ఒంటిపూట, మా ఆవిడకి ఆస్పత్రిలో పగలంతా డ్యూటీ. అందుకని ఆ పూట ఎనిమిది నెలల పాపను ఎత్తుకుని నేరుగా బైండింగు గదికి వెళ్ళేవాణ్ణి. భుజాన సంచీ, సంచీలో థర్మామీటరు, రెండు రకాల మందు సీసాలు, పాప ఎన్ని గంటలకు ఎన్ని మిల్లీలీటర్లు తాగిందో రాసుకునే నోటుబుక్కు.

"ఒరేయ్, పిల్లను తెచ్చావా, ల్యాబును తెచ్చావా?" అనేది పెద్దమ్మ.

"పొద్దున్న తొంభై తొమ్మిది ఉంది పెద్దమ్మా."

"దాని ఒళ్ళు దాన్ని కాచుకోనివ్వరా. నువ్వు గంటకోసారి కొలిస్తే కొలతకు భయపడైనా ఎక్కుతుంది."

అలా అనేదే గాని, పాప ఒళ్ళు నిజంగా వెచ్చబడిన రోజున మాత్రం ఎత్తుకునేది కాదు. చేతులకు జిగురుందనేది.

పుస్తకం అంటే పెద్ద కాగితాలు మడిచి కుట్టడమే. ఒక్కో పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చవుతాయి. దాన్ని మడిస్తే ఒక ఫారం. బల్ల మీద ఒకటో ఫారం దొంతర, రెండో ఫారం దొంతర, అలా వరసగా పేర్చి, ఒక్కో దొంతర నుంచి ఒక్కోటి ఏరుకుంటూ పోతే చివరికి చేతిలో పుస్తకం తయారవుతుంది. తర్వాత కుట్టు, ఆ తర్వాత జిగురు, అట్ట. కుట్టినవాళ్ళు వెనక అట్ట లోపలి మూలన పెన్సిలుతో తమ గుర్తు పెడతారు. పెద్దమ్మది చిన్న గీత, దాని మీద చుక్క.

ఆ గదిలో ఒక కట్టుబాటు ఉండేది. ఏరేవాళ్ళు, కుట్టేవాళ్ళు చదవకూడదు. కన్ను అక్షరం మీద పడితే చెయ్యి ఆగుతుంది. పెద్దమ్మకు చదువు రాక కాదు, ఏడో తరగతి దాకా చదివింది. కానీ అన్నేళ్ళలో తను కుట్టిన పుస్తకం తెరిచి చూసి ఎరగదు. జిగురు రాసే ఆయన్ను అందరం జిగురు బాబాయి అనేవాళ్ళం. ఆయన అనేవాడు: "బైబిళ్ళకే పదివేల అట్టలు అంటించి ఉంటాను. లోపల ఏముందో ఆదివారం పాస్టరు గారు చెబితేనే తెలుస్తుంది."

చదవనివాళ్ళ కోసమే కాబోలు మేనేజరు గారు ఒక పద్ధతి పెట్టారు. పాఠకుల దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరాలు శనివారం టీ తాగేటప్పుడు బైండింగు గదిలో పైకి చదివించేవారు. ఆయన చదివితే హాజరుపట్టీ పిలిచినట్టు ఉంటుందని, నేను వెళ్ళినప్పుడు ఆ పని నాకు అప్పజెప్పారు.

మామూలుగా వారానికి ఒకటో రెండో ఉత్తరాలు వచ్చేవి. పాటలో రెండో చరణం తప్పు పడిందనో, అక్షరాలు సన్నగా ఉన్నాయనో. ఆ నవల వచ్చాక మాత్రం కట్టలు కట్టలుగా రావడం మొదలైంది.

రాసినావిడ రిటైరైన నర్సు. ఒక ఆడపిల్ల కథ. పదేళ్ళ వయసులో తమ్ముడికి జబ్బు చేస్తుంది. ఆ జబ్బు చుట్టూనే ఆమె పెరుగుతుంది. ప్రార్థిస్తుంది, దేవుడితో పోట్లాడుతుంది, స్నేహితుల్ని పోగొట్టుకుంటుంది. పదో ఫారంలో తమ్ముడు చనిపోతాడు. పదకొండో ఫారంలో ఆమెకు పందొమ్మిదేళ్ళు. పోయిన నమ్మకం ఆమెకు తిరిగి దొరికేది అందులోనే. ఇదంతా నాకు ఉత్తరాల వల్లే తెలిసింది.

హాస్టల్లో చదివే అమ్మాయి రాసింది: "పదకొండు మందిమి ఒకే కాపీ చదివాం. తొమ్మిదో అధ్యాయం దగ్గర పేజీలు తడిసి ఉబ్బిపోయాయి."

"కన్నీళ్ళ మీద తొయ్యకమ్మా, నా జిగురే ఉబ్బి ఉంటుంది," అన్నాడు బాబాయి.

ఒక పాస్టరు గారు, ఆ పిల్ల 'దేవుడికి మా వీధి తెలియదా' అని అడగడం యువతకు మంచిది కాదనీ, వచ్చే ముద్రణలో ఆ మాట తీసేయాలనీ రాశారు. ఒక తల్లి రాసింది: "ఆ పిల్ల తల్లికి కోపం ఎందుకు రాలేదు? మా బాబు పోయాక నేను ఏడాది పాటు ప్రార్థనలో కళ్ళు మూసుకోలేదు. చర్చికి వెళ్ళేదాన్ని, తెరిచిన కళ్ళతో నిలబడేదాన్ని. నా సంగతి కూడా ఎవరైనా రాయండి." పెద్దమ్మ టీ గ్లాసు కింద పెట్టి, అప్పటికే బిగిసి ఉన్న దారాన్ని మళ్ళీ బిగించింది.

రెండో ముద్రణ బయటికి వెళ్ళిన మూడు వారాలకు ఇంకో రకం ఉత్తరం వచ్చింది.

"అయ్యా, మీ పుస్తకంలో పిల్లవాడు రెండుసార్లు చచ్చిపోయాడు. ఒకసారి చాలదా? నూట అరవయ్యో పేజీ తర్వాత మళ్ళీ నూట నలభై అయిదు వచ్చింది. అది అయ్యాక అట్ట వచ్చింది. చివరికి ఏమైందో తెలియక మా అత్తగారు అన్నం సరిగ్గా తినడం లేదు. ఆఖరి పేజీలైనా పంపండి, లేదా ఏదో ఒకటి కల్పించి ఆవిడకు మీరే చెప్పండి."

అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. మరుసటి వారం అలాంటివే మరో రెండు వచ్చాయి, ఒకరు ఏకంగా పుస్తకాన్నే తిప్పి పంపారు. మేనేజరు గారు వెనక అట్ట తెరిచి మూల చూశారు. చిన్న గీత, దాని మీద చుక్క.

"సూదక్కా, ఇది నీదే కదా?"

"నాదే."

"ముప్పై ఏళ్ళలో ఏనాడూ..."

"ముప్పై ఒకటి," అంది పెద్దమ్మ. "చెయ్యి తప్పింది. నలభై ఉంటాయి."

నలభై అని అంత కచ్చితంగా ఎలా చెప్పగలిగిందో అడగాలని అప్పుడు ఎవరికీ తోచలేదు. తనిఖీలో దొరక్కపోవడానికి కారణం నాకు తెలిసింది. కుట్టే ముందు బొటనవేలితో ఫారాలు లెక్కపెడతారు. పదకొండు ఉండాలి, పదకొండే ఉన్నాయి. పదోది రెండుసార్లు పడింది, పదకొండోది లేదు. లెక్కకు కుదిరింది కాబట్టి వరస ఎవరూ చూడలేదు. పాడయ్యే కాగితాల కోసం ప్రతి ఫారం యాభై ఎక్కువ వేస్తారు గనక తరుగు కూడా బయటపడలేదు.

మేనేజరు గారు మంచి మనిషి. కేక వేయలేదు. మిగిలిపోయిన ఆఖరి ఫారాలు కవర్లలో పెట్టి, క్షమించమని చీటీ రాసి, అడిగినవాళ్ళకు పంపుదాం అన్నారు.

ఆ శనివారమే చివరి ఉత్తరం విప్పాను. దుస్తుల కొలతలు రాసుకునే చీటీల వెనక రాసిన ఉత్తరం. నాలుగు చీటీలు గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. వెనక్కి తిప్పితే ఛాతీ ముప్పై నాలుగు, చెయ్యి ఇరవై రెండు అని ఎవరివో కొలతలు.

"నర్సమ్మ గారికి వందనాలు. నేను టైలర్ని. మా పాపకు పదకొండేళ్ళు. పోయి పద్నాలుగు నెలలైంది. ఆదరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ గుమ్మంలో చెప్పులు విప్పకముందే ఆఖరి మాట చెప్పేస్తారు, మళ్ళీ కలుసుకుంటారులే అని. నాకూ నమ్మకం ఉందండి. కానీ ఆ మాట ఇంకా నా దాకా రాలేదు. మీరొక్కరే ఆ గదిలోకి తీసుకెళ్ళి, బయటికి తెచ్చినట్టే తెచ్చి, మళ్ళీ అదే గదిలోకి తీసుకెళ్ళారు. తర్వాత ఏమీ చెప్పకుండా పుస్తకం ఆపేశారు. మా ఇంట్లో కూడా అంతే. రోజూ అవే పేజీలు. ఈ సంగతి తెలిసిన మనిషి ఒకరున్నారని మా ఆవిడతో చెప్పాను. అప్పట్నుంచి మేమిద్దరం కొంచెం మాట్లాడుకుంటున్నాం. ఇది చెప్పడానికే రాశాను."

చదవడం అయ్యాక నా ఒళ్ళో నిద్రపోతున్న పాప నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. చల్లగానే ఉంది.

"ఈయనకు పంపొద్దు సార్," అన్నాడు జిగురు బాబాయి. ఆయన గొంతు అలా నేనెప్పుడూ వినలేదు. "ఆయన ఏమీ అడగలేదు కదా."

మేనేజరు గారు కళ్ళజోడు తీశారు. "అడగలేదు. కానీ మన పొరపాటును ఆవిడ రాసిన మాట అనుకుంటున్నాడు. నిరీక్షణ, మళ్ళీ కలుస్తామన్న ఆశ, ఆ ముక్కే లేని పుస్తకాన్ని ఒక బిడ్డ పోయిన తండ్రి చేతిలో పెట్టి, ఊరుకుందామా?"

"చెబితే ఉన్నది కూడా పోతుంది కదండీ."

ఇద్దరూ పెద్దమ్మ వైపు చూశారు.

"పోస్టులో వద్దు," అంది ఆమె. "నేను పట్టుకెళతాను. కుట్టింది నేను."

"వచ్చే శనివారం లోపల వెళ్ళు మరి. లేదంటే నేను పోస్టు చేస్తాను, ఏమీ అనుకోకు."

రోజులు గడిచాయి. కవరు పెద్దమ్మ చేతిసంచీలోనే ఉంది. శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి, "రేపు నాతో వస్తావా?" అంది. ఆమె నన్ను తోడు రమ్మనడం అదే మొదటిసారి.

బస్సులో పాప ఆమె కొంగు లాగుతోంది. "ఏం చెబుతావు పెద్దమ్మా?" అని అడిగాను.

"పొరపాటు జరిగిందని."

"ఆ మనిషికి ఆసరా అదొక్కటే. అది కాస్తా పొరపాటు అంటే..."

"అందుకే కదరా వారం రోజులు మోశాను." పాప చేతిలోంచి కొంగు విడిపించుకుంటూ, "దాచిపెడితే, ఆయన రేపు ఎవరింట్లోనో ఇంకో కాపీ చూస్తాడు. అప్పుడు చెప్పేవాళ్ళు కూడా ఎదురుగా ఉండరు," అంది.

టైలరు ఇంటి ముందు గదే దుకాణం. రెండు మిషన్లు. ఒకదాని మీద స్కూలు యూనిఫాం గుడ్డ సగం కుట్టి ఉంది. రెండోదానికి ముసుగు వేసి ఉంది. గోడకు కత్తెరలు వేలాడుతున్న చోట, పక్క అరలో ఆ పుస్తకం. ఆయనకు నలభై దాటి ఉంటాయి. మెడలో టేపు. ప్రెస్సు నుంచి వచ్చామనగానే లేచి నిలబడ్డాడు.

"నర్సమ్మ గారు పంపారా?" ఆ ముఖం వెలగడం నేను చూడలేకపోయాను. "ఏమేవ్, ఇలా రా. నర్సమ్మ గారి దగ్గర్నుంచి వచ్చారు."

లోపల్నుంచి ఆయన భార్య వచ్చింది, చేతిలో కాజాలు కుడుతున్న చొక్కాతో. పాపను చూసి, ఒక్క క్షణం చూపు నిలిపి, పక్కకు తిప్పేసుకుంది. కూర్చోమంది. మేం నోరు తెరిచేలోపే ఆయన పుస్తకం తీసి నూట యాభై రెండో పేజీ చూపించాడు.

"ఇక్కడ చూడండి. తల్లి పిల్లవాడికి చివరిసారి చొక్కా తొడుగుతుంది. పైనుంచి ఒక కాజా తప్పి గుండీలు పెట్టేస్తుంది. కిందికి వచ్చేసరికి ఒకటి మిగిలిపోతుంది. అన్నీ విప్పి మళ్ళీ పెడుతుంది. మామూలుగా కథల్లో ఇవి రాయరండి." పేజీలు తిప్పి రెండోసారి అదే చోటికి వచ్చాడు. "ఇక్కడికొచ్చేసరికి, ఈసారైనా సరిగ్గా పెడుతుందేమో అనుకున్నాను. పెట్టలేదు. మళ్ళీ అదే కాజా తప్పింది."

పెద్దమ్మ కవరు తీసి బల్ల మీద, చాక్‌పీసు ముక్కల పక్కన పెట్టింది.

"బాబూ, నేను రాసినావిడ దగ్గర్నుంచి రాలేదు. ఆ పుస్తకం కుట్టింది నేను. ఆవిడ ఆ భాగం ఒక్కసారే రాసింది. మీకు రెండుసార్లు పడింది, ఆఖరి భాగం పడలేదు. అది ఈ కవర్లో ఉంది. తప్పు నాది."

ఆయనకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. పుస్తకం మూశాడు, మళ్ళీ తెరిచాడు, అడుగున పేజీ నంబర్లు చూశాడు. ఇన్నాళ్ళూ ఆ నంబర్లు ఆయనకు కనబడక కాదు, అవి కూడా కావాలనే వేశారనుకున్నాడు.

"అంటే ఎవరూ అనుకుని చేసింది కాదు."

"కాదు."

"చివర్న ఈవిడ కూడా అందరూ అనే మాటే అంటుందన్నమాట."

ఆయన వెళ్ళి మిషను ముందు కూర్చున్నాడు. యూనిఫాం గుడ్డ పక్కకు తీసేసి, సూది కింద ఏమీ లేకుండానే తొక్కడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకు పాప నా చొక్కా గట్టిగా పట్టుకుంది.

"ఎందుకమ్మా వచ్చారు?" అంది ఆయన భార్య, గొంతు పెంచకుండా. "ఏడాదిగా ఈ మనిషి నాతో అన్నం పెట్టమనీ, నీళ్ళు ఇమ్మనీ తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఈ పుస్తకం వచ్చాక రోజుకో పది మాటలు వచ్చాయి. ఆ కవరు పోస్టులో పంపి ఉంటే చూసి చింపేసేదాన్ని. ఆయనకు తెలిసేదే కాదు."

"చింపేస్తారేమోనని కాదు తల్లీ నేను వచ్చింది. చెప్పాల్సింది ఇంకా ఉంది," అంది పెద్దమ్మ.

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళు కలిపి లేవు.

"మేం చదవకూడదు. ఏరేటప్పుడు చదివితే వరస పోతుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను చదివింది ఆ ఒక్క రోజే. పదో ఫారాలు ఒక నలభై తీసి ఒళ్ళో సర్దుకుంటుంటే, పైనున్న ఫారం మధ్యకు విచ్చుకుని, గుండీలు అన్న మాట కనబడింది. అంతే. ఆ పేజీ చదివాను. మళ్ళీ చదివాను. ఎన్నిసార్లో తెలియదు. టీ గంట కొట్టారు. లేచి ఆ నలభైనీ చేతికి అందిన దొంతర మీద పెట్టేశాను. అది ఆఖరి ఫారం దొంతర."

మిషను ఇంకా తిరుగుతూనే ఉంది, కాస్త నెమ్మదిగా.

"మా వాడికి నేను గుండీలు పెట్టలేదు. నన్ను పక్క గదిలో కూర్చోబెట్టారు, చూస్తే తట్టుకోలేనని. చొక్కా ఎవరు తొడిగారో, ఏ చొక్కా తొడిగారో కూడా నాకు తెలియదు. అడిగితే, ఇప్పుడెందుకే అన్నారు. తర్వాత అడగలేదు. ఆ పేజీలో ఆ తల్లి విప్పి మళ్ళీ పెడుతుంటే, నేనూ దాని పక్కనే నిలబడ్డాను." టైలరు వైపు తిరిగింది. "రాసినావిడ తెలిసి చెయ్యలేదు బాబూ. నేనూ తెలిసి చెయ్యలేదు. కానీ అది ఈ సంగతి తెలియనివాళ్ళ చెయ్యి మాత్రం కాదు."

మిషను ఆగింది.

పాప ఒళ్ళు వెచ్చబడ్డ రోజుల్లో ఆమె చేతులకు జిగురు లేదని నాకప్పుడు అర్థమైంది.

టైలరు భార్య కవరు అందుకుంది. విప్పలేదు. బరువు చూస్తున్నట్టు పట్టుకుంది.

"దీంట్లో ఏముంది?"

"నాకు తెలియదమ్మా. నేను ఆ పేజీ దాటలేదు."

"ప్రెస్సులో ఇన్ని ఉండి?"

"ఉండి."

ఆయన మిషను మీద నుంచి లేవకుండానే, "ఇవాళ వద్దు," అన్నాడు భార్యతో.

"ఇవాళ విప్పుతానని ఎవరన్నారు. బీరువాలో పెడతాను," అంది ఆమె.

పెద్దమ్మ ఇంకో సంగతి కూడా చెప్పాలి కాబట్టి చెప్పింది. ఆ కాపీ వెనక్కి ఇస్తే సరైన కాపీ ఇవ్వమని మేనేజరు గారు అన్నారని, తన సంచీలో ఒకటి ఉందని. ఆయన లేచి వచ్చి, బల్ల మీది పుస్తకం తీసుకుని, దాని వీపు మీద బొటనవేలితో ఒకసారి గట్టిగా నొక్కి చూశాడు, బట్టల మీద కుట్టును చూసేవాళ్ళు చూసినట్టు.

"ఇది ఇవ్వనండి," అన్నాడు. "కుట్టు బాగుంది. ఇది నాకే ఉండనీయండి."

బయట ఎవరో ప్యాంటు పొడవు తగ్గించాలని పిలిస్తే, ఆయన రేపు రమ్మన్నాడు. ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు పెద్దమ్మకు ఇస్తూ ఆమె పక్కనే, ముసుగు వేసిన మిషను ముందున్న ఎత్తుపీట మీద కూర్చుంది. ఆ పీట చిన్నది, పిల్లలు కూర్చునేది.

"మీ వాడికి ఎన్నేళ్ళు అక్కా?"

"ఏడు. రెండు నెలలైతే ఎనిమిది."

"ఏం పేరు?"

పెద్దమ్మ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆ పేరు మా అమ్మ నోట ఎప్పుడూ రాలేదు. నాకు ఒక అన్న ఉండేవాడని తెలుసుగాని, ఏమని పిలిచేవారో నేను ఏనాడూ అడగలేదు, అడగాలని తోచలేదు కూడా. టైలరు మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంటూ ఆమె వైపే చూస్తున్నాడు.

ఆమె చెప్పింది. మామూలుగా చెప్పినట్టు చెప్పలేదు. పక్క గదిలో ఆడుకుంటున్నవాణ్ణి అన్నానికి పిలిచేటంత గట్టిగా, చివరి అక్షరం సాగదీసి అంది. నా చేతుల్లో పాప తల తిప్పి, లోపలి గుమ్మం వైపు చూసింది.